ఆరుగురు మనుషులు, నలభై పొయ్యిలు

రాత్రి రెండుంబావుకి ఫోన్ మోగింది. "అన్నా, కర్ణుడు పడిపోయిండు" అన్నాడు అవతలివాడు.

నిద్రమత్తులో ఉన్నవాడికి అది కురుక్షేత్రం పదిహేడో రోజు వార్తలా వినిపిస్తే వాడి తప్పు కాదు. మా కంపెనీలో కర్ణుడంటే డిస్కౌంట్లు లెక్కగట్టే సర్వీసు, అంటే విడిగా నడిచే ఒక చిన్న ప్రోగ్రాము. దానకర్ణుడు కాబట్టి ఆ పేరు పెట్టాం. డబ్బుల సంగతి చూసేది కుబేరుడు. మెసేజీలు మోసుకెళ్ళేది నారదుడు. లాగిన్ దగ్గర నిలబడి ఎవర్ని రానివ్వాలో ఎవర్ని ఆపాలో చూసేవాళ్ళు జయవిజయులు. అవును, ఇద్దరు. రెండు వేర్వేరు సర్వీసులు. ఎందుకని అడక్కండి, అప్పట్లో మేమూ అడగలేదు. ఎవరేం చేశారో రాసిపెట్టే లాగ్ సర్వీసు చిత్రగుప్తుడని వేరే చెప్పాలా?

అయిదింటికి తెల్లవారుతుండగా దొరికిన సంగతి ఇది. మందుల షాపువాడు ఆర్డరు పెట్టాడు. డిస్కౌంటు ఇచ్చేముందు ఆ షాపు పాతబాకీ ఎంతుందని కర్ణుడు కుబేరుణ్ని అడిగాడు. కుబేరుడు జవాబు చెప్పేముందు, ఫలానావాడు వచ్చి ఫలానాది అడిగాడని చిత్రగుప్తుడి దగ్గర రాయించాలి. చిత్రగుప్తుడి డిస్కు నిండిపోయింది. ఆయన ఉలకడు, పలకడు. కుబేరుడు ఆయన ముఖం చూస్తూ 30 సెకన్లు నిలబడ్డాడు. కర్ణుడికి అంత ఓపిక లేదు, 10 సెకన్లకే విసుగొచ్చి మళ్ళీ అడిగాడు. జవాబు రాకపోతే మూడుసార్లు అడగమని మేమే రాశాం మరి. కుబేరుడి గుమ్మం ముందు క్యూ మూడింతలైంది, కుబేరుడూ పడ్డాడు. ఈలోగా నారదుడు షాపువాడికి "మీ ఆర్డరు విజయవంతంగా నమోదైంది" అని మెసేజీ పంపేశాడు. నారదుడు కదా.

న్యాయంగా చెప్పాలంటే ఈ హంగామాకి ముందు, అంతా ఒకే ప్రోగ్రాముగా ఉన్న రోజుల్లో కూడా ఒకసారి డిస్కు నిండింది. అప్పుడు ఒక ఫైల్లో ఒక లైను ఎర్రగా కనిపించింది. పాత లాగులు చెరిపేసి, మళ్ళీ స్టార్ట్ చేసి, ఇరవై నిమిషాల్లో వెళ్ళి పడుకున్నాం.

ఆ కంపెనీ పేరు చెప్పను. చేసే పని మాత్రం చెబుతాను: కోస్తాలో మందుల షాపులకి హోల్‌సేలు సరఫరా. రోజుకి నాలుగు వేల ఆర్డర్లు. వినడానికి ఘనంగానే ఉంటుంది. పన్నెండు గంటల వ్యాపారానికి పంచితే పదకొండు సెకన్లకో ఆర్డరు. చిల్లర సరిగ్గా ఉంటే సంక్రాంతి ముందు బస్టాండు కౌంటరు గుమాస్తా ఇంతకంటే వేగంగా టికెట్లు కొడతాడు. దీనికి జావాలో రాసిన ఒక ప్రోగ్రాము, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, ఆరుగురు ఇంజినీర్లు. ప్రోగ్రాము అందంగా ఉండేదని అనను. బిల్లింగు కోడ్‌లో చెయ్యి పెడితే గోడౌను స్టాకు కదిలేది. కానీ నడిచేది.

అప్పుడు ఆర్కిటెక్ట్ గారు వచ్చారు.

మనిషి చెడ్డవాడు కాదు. పెద్ద కంపెనీ నుంచి వచ్చాడు, స్లైడ్లు చక్కగా చేస్తాడు. మొదటి స్లైడులో పెద్ద బండరాయి బొమ్మ, కింద "మోనోలిత్" అని, పక్కన ఏడుపు ముఖం. రెండో స్లైడులో తేనెపట్టు, కింద "మైక్రోసర్వీసులు" అని, ఒక్కో గదిలో ఒక్కో సర్వీసు, చుట్టూ నవ్వుముఖాలు. "నెట్‌ఫ్లిక్స్ కూడా ఇదే చేస్తోంది సార్" అన్నాడు. ముందురోజు రాత్రి అందులోనే ఏదో సిరీస్ చూసి పడుకున్న డైరెక్టరుగారు తల ఊపారు. ఆ తల ఊపుడు ఖరీదు తర్వాత లెక్క తేలింది. నెలకి తొంభై వేలుండే క్లౌడు బిల్లు నాలుగు లక్షలు దాటింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇచ్చేది ఇన్వెస్టరు, మురిసిపోయేది మేము.

ఆ మీటింగులో ఒక్కడే నోరు విప్పాడు, మా వరంగల్ తమ్ముడు. మోనోలిత్ అంటే ఏంటని అడిగాడు. తెలియక కాదు. ఏకశిల అని ఆర్కిటెక్ట్ గారు వివరించారు. "ఏకశిల అంటే మా ఊరే సార్. కోట కూలినా తోరణాలు ఇంకా నిలబడే ఉన్నయ్" అన్నాడు. అందరూ నవ్వారు. లేపాక్షి బసవన్నని కూడా ఒకే రాతిలోనే చెక్కారు, ఆయన్ని లెగసీ అని ఎవరూ అనరు, అని నాకు తోచింది కానీ నేను అనలేదు. ఎందుకనలేదో చివర్లో చెబుతాను. బయటికొచ్చాక టీ తాగుతూ తమ్ముడు నాతో అన్నాడు: "అన్నా, ఆరుగురమే ఉన్నం. నలభై పొయ్యిలు పెట్టి ఏం వండుతం?"

నిజంగానే నలభై అయ్యాయి. పురాణాల్లో పేర్లు చాలక ఓ నాలుగింటికి సినిమా విలన్ల పేర్లు పెట్టాం.

ఇంతకీ నెట్‌ఫ్లిక్స్ ఎందుకు చేసింది? 2008 ఆగస్టులో వాళ్ళ పెద్ద డేటాబేసు చెడిపోయి మూడు రోజులపాటు ఇళ్ళకి డీవీడీలు పంపలేకపోయారు. ఆ దెబ్బతో తమ ప్రోగ్రాముని ముక్కలు చేస్తూ అమెజాను క్లౌడుకి మారడం మొదలుపెట్టి 2016 జనవరికి ముగించారు. ఏడేళ్ళు. మధ్యలో ప్రపంచమంతా విస్తరించారు, వందల మంది ఇంజినీర్లు, కోట్ల మంది చూసేవాళ్ళు. వాళ్ళకి పులి చారలు పుట్టుకతో వచ్చాయి. మేము అట్లకాడ కాల్చుకుని వాతలు పెట్టుకున్నాం. నక్కకి వాతలైతే పడ్డాయి, పులి మాత్రం కాలేదు.

అమెజాను వాళ్ళది ఇంకో మాట ప్రచారంలో ఉంది. ఒక బృందం ఎంత ఉండాలంటే రెండు పిజ్జాలు సరిపోయేంత. ఒక్కో బృందం తన సర్వీసు తానే రాసుకుని, తానే నడుపుకుని, తానే రాత్రిళ్ళు లేవాలి. మంచిదే. మా ఇంజినీరింగు విభాగం మొత్తానికీ రెండు ఫ్యామిలీ ప్యాకు బిర్యానీలు తెప్పిస్తే రాత్రికి కూడా మిగిలేది. అంటే అమెజాను లెక్కలోనే మేమంతా కలిపి ఒక సర్వీసు. ఆ సూత్రాన్ని తిరగేసి, ఒక్కో మనిషికీ ఆరున్నర సర్వీసుల పైన అంటగట్టి, అమెజాను చెప్పినట్టే చేస్తున్నామని చెప్పుకున్నాం.

ఇక్కడ ఒక పాత కాగితం సంగతి చెప్పాలి. మెల్విన్ కాన్వే అనే ఆయన, కమిటీలు వస్తువుల్ని ఎలా కనిపెడతాయన్న దానిమీద ఒక వ్యాసం రాసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి పంపితే వాళ్ళు తిప్పి పంపారు. 1968 ఏప్రిల్‌లో డేటామేషన్ పత్రిక వేసింది. ఆయన చెప్పింది మన పల్లెటూరి పెద్దమనిషి కూడా చెబుతాడు: తయారుచేసే గుంపులో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, తయారైన వస్తువు కూడా అలాగే అతుకులు పడుతుంది. నాలుగు గుంపులు కలిసి కంపైలరు రాస్తే అది నాలుగు విడతల కంపైలరే అవుతుంది. ఈ లెక్కన నలభై సర్వీసులు కావాలంటే ముందు నలభై గుంపులు కావాలి, లేదా నలభై గుంపులు ఉన్నందువల్ల నలభై సర్వీసులు రావాలి. ముక్కలు చేయడమన్నది జనం ఎక్కువై ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటున్నప్పుడు వేసే మందు. ఒకరి కోడ్ పూర్తికాలేదని ఇంకొకరి విడుదల ఆగిపోతుంటే, ఆ రోగం నిజంగా ఉంటే, మందు అమోఘంగా పనిచేస్తుంది. మా ఆరుగురం ఒకే టేబులు చుట్టూ కూర్చునేవాళ్ళం. మాకు కాలు తొక్కుకునేంత జనమే లేరు. రోగం లేకుండా మందు మింగాం. అప్పుడు మిగిలేది వికారాలే.

ఆ వికారాలకి లెక్క ఉంది. ఒక సర్వీసు నూటికి 99.9 పాళ్ళు నిలబడి ఉంటుందనుకుందాం. గొప్ప విషయమే, నెలకి 43 నిమిషాలు మాత్రమే పడుకుంటుంది. మా ఆర్డరు పూర్తికావాలంటే పదకొండు సర్వీసులు వరసగా మెలకువగా ఉండాలి. పదకొండుసార్లు హెచ్చవేయండి: 98.9. నెలకి దాదాపు 8 గంటలు. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ చెప్పినమాట ప్రకారం 99.9 నిలబెట్టుకున్నారు, షాపువాడికి మాత్రం నెలలో ఒక పనిరోజంత సేపు ఆర్డరు వెళ్ళదు. తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు, దానికి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేరు మాత్రం కొత్త.

వేగం సంగతీ అంతే. గూగుల్ ఇంజినీరు జెఫ్ డీన్ పేరుమీద చలామణీ అయ్యే ఒక పట్టిక ఉంది. అదే యంత్రం మెమరీలోంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి 100 నానోసెకన్లు. అదే డేటాసెంటరులో పక్క యంత్రం దాకా వెళ్ళి రావడానికి 5 లక్షల నానోసెకన్లు. అయిదు వేల రెట్లు. పక్కగదిలో ఉన్న భార్యని కేకేసి ఉప్పెంత వెయ్యాలో అడగడానికీ, అదే మాట ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేయడానికీ ఉన్న తేడా. ఉత్తరం పోయే అవకాశం కూడా కలుపుకోండి. నెట్‌వర్కు ఎప్పుడూ పనిచేస్తుందని నమ్మడం మొదటి భ్రమ అని సన్ మైక్రోసిస్టమ్స్‌లో పీటర్ డాయిచ్ 1994లోనే భ్రమల జాబితా వేశాడు. హైదరాబాదులో కేబుల్ మీద జేసీబీ పళ్ళు దిగడం ఒక్కసారి చూసినవాడికి ఆ జాబితా చదవాల్సిన పనిలేదు.

కానీ నన్ను ఎక్కువగా కాల్చింది వేగం కాదు, డబ్బు. "డబ్బు కట్ అయింది, ఆర్డరు రాలేదు." ఈ వాక్యం తెలియని భారతీయుడు లేడు. యూపీఐలో మీ బ్యాంకు వేరు, అవతలివాడి బ్యాంకు వేరు, మధ్యలో సంస్థ వేరు. ఎవరి పుస్తకం వాళ్ళది. ఒకరు రాసుకున్నాక ఇంకొకరు రాసుకోలేకపోతే డబ్బు త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంది. అందుకే రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది: అవతలి ఖాతాలో జమకాని డబ్బు మర్నాటికల్లా వెనక్కి రావాలి, షాపుకి కట్టి ఖరారుకానిదైతే అయిదు రోజుల్లో, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. బ్యాంకులు వేర్వేరు కంపెనీలు కాబట్టి అక్కడ ఈ బాధ తప్పదు. పుట్టుకతో వచ్చిన వైకల్యానికి ఎవర్నీ తప్పుపట్టలేం.

మా సంగతి? డబ్బు తీసుకోవడం, స్టాకు తగ్గించడం, బిల్లు కొట్టడం, మూడూ ఒకే డేటాబేసులో ఒకే ట్రాన్సాక్షనుగా ఉండేవి. మధ్యలో ఏది తప్పినా రోల్‌బ్యాక్ అనే ఒక్క మాటతో అన్నీ మొదటికి వచ్చేవి. ఆ పని చేసే కోడ్ దశాబ్దాలుగా ఎందరో మహానుభావులు రాసిపెట్టింది, మాకు ఉచితంగా వచ్చింది. దాన్ని మూడు సర్వీసులకి పంచి, మూడు డేటాబేసుల్లో పెట్టి, బ్యాంకుల మధ్య ఉన్న జబ్బుని ఒకే టేబులు మీదికి ఖర్చుపెట్టి తెచ్చుకున్నాం. విరుగుడుగా సాగా అనే పద్ధతి పెట్టాం. డబ్బు కట్ అయి స్టాకు దొరక్కపోతే డబ్బు వెనక్కిచ్చే కోడ్. వెనక్కివ్వడం విఫలమైతే మళ్ళీ ప్రయత్నించే కోడ్. అది రెండుసార్లు వెనక్కిచ్చేస్తే పట్టుకునే కోడ్. ఈ సాగా అన్నది 1987లో హెక్టర్ గార్సియా-మొలీనా, కెన్నెత్ సేలెం రాసింది, అదీ ఒకే డేటాబేసులో గంటల తరబడి సాగే పనుల కోసం. వాళ్ళు ఒక గుంట పూడ్చడానికి పార ఇచ్చారు, ఆ పార చేతిలో ఉంది కదా అని మేము గుంటలు తవ్వాం.

ఏలూరు షాపాయన ఒకాయన ప్రతి సోమవారం నాకే ఫోన్ చేసేవాడు. "బాబూ, మీ వాళ్ళు నాకు పన్నెండు వందలు రెండుసార్లు వెనక్కిచ్చారు. ఒకటి తీసేసుకోండి." అలా చెప్పే ధర్మాత్ములు ఎందరుంటారు? అలా ఫోన్ చేసింది ఆయన ఒక్కడే.

ఇక మా విభజన ఎంత శాస్త్రీయంగా జరిగిందో చెప్పాలి. మూడు డేటాబేసులన్నాను గానీ, మిగతా ముప్పైయేడు సర్వీసులు పాత డేటాబేసునే పంచుకునేవి. అన్నదమ్ములు వేరుపడ్డారు, గుమ్మాలు వేరు, రేషను కార్డులు వేరు, వంటిల్లు మాత్రం ఒకటే. పెద్దకోడలు ఉప్పుడబ్బా జరిపితే చిన్నకోడలి కూర చప్పబడేది. నారదుణ్ని మార్చాలంటే అదే రాత్రి కర్ణుణ్నీ కుబేరుణ్నీ కూడా మార్చాలి, అదీ వరస తప్పకుండా. ఆ వరస ఒక నోటుపుస్తకంలో రాసుండేది. నోటుపుస్తకం మా వరంగల్ తమ్ముడి సొరుగులో ఉండేది. వాడు బోనాలకి సెలవు పెడితే విడుదల లేదు. ఎవరి సర్వీసు వాళ్ళు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చన్నదే కదా ఈ యజ్ఞానికి ఫలం? ఫలం ఒక్కటే రాలేదు, పొగ మాత్రం కళ్ళనిండా వచ్చింది.

పొగ పోవడానికి మళ్ళీ సామాను. నలభై పెట్టెల్ని నిలబెట్టడానికి కుబర్నెటీస్. వాటి మాటలు ఒకదానికొకటి చేరవేయడానికి సర్వీస్ మెష్. ఈ మెష్ ప్రతి సర్వీసు పక్కనా ఒక తోడుపెళ్ళికొడుకుని నిలబెడుతుంది. పెళ్ళికొడుకు నోరు తెరవడు, ఏ మాటైనా తోడుపెళ్ళికొడుకు ద్వారానే. నలభై మంది పెళ్ళికొడుకులకి నలభై మంది తోడుపెళ్ళికొడుకులు, అందరికీ భోజనాలు. ఇలాంటి మెష్‌లలో పేరుమోసింది ఇస్టియో, గూగుల్, ఐబీఎం, లిఫ్ట్ కలిసి 2017లో తెచ్చాయి. దాని పెత్తనం చేసే భాగాన్ని మొదట మైక్రోసర్వీసులుగానే కట్టారు. 2020 మార్చిలో 1.5 విడుదల చేస్తూ ఆ ముక్కలన్నిటినీ కలిపి ఒకే ప్రోగ్రాము చేశారు. విడివిడిగా నడపడంలో ఉన్న కష్టానికి తగ్గ లాభం కనిపించడం లేదన్నారు. వేరుకాపురాలు పెట్టించే మధ్యవర్తి తనింట్లో మాత్రం ఉమ్మడి కుటుంబానికి మారిపోయాడు. ఆ వార్త చదివిన రోజే మేము ఇస్టియో పెట్టుకున్నాం.

ఇలా వెనక్కి తిరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. సెగ్మెంట్ అనే కంపెనీ నూట నలభైకి పైగా సర్వీసుల్ని కలిపి ఒకటి చేసుకుని 2018లో ఆ కథ రాసింది. ముగ్గురు ఇంజినీర్ల కాలమంతా వాటిని ప్రాణాలతో ఉంచడానికే సరిపోయేదట. అమెజాను ప్రైమ్ వీడియోలో, ప్రసారం నాణ్యతని కనిపెట్టి ఉండే ఒక పనిముట్టుని ముక్కలుముక్కలుగా కట్టారు. అనుకున్న భారంలో నూటికి అయిదు పాళ్ళ దగ్గరే అది మొరాయించింది. ఒకే ప్రోగ్రాముగా తిరగరాస్తే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో వాళ్ళే చెప్పారు. అది ఆ ఒక్క పనిముట్టు కథే, ప్రైమ్ వీడియో మొత్తం కాదు. ఇటువైపు భక్తులు కూడా అతి చేస్తారు కనుక ఆ మాట చెప్పడం అవసరం. ప్రోగ్రామర్లందరూ పొద్దున్నే కళ్ళకద్దుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో 2016లో తొమ్మిది వెబ్ సర్వర్ల మీద రోజుకి 20 కోట్లకి పైగా రిక్వెస్టులు తీసుకునేది. ఒకే పెద్ద ప్రోగ్రాము. పదకొండు సెకన్లకో ఆర్డరు వచ్చే మాకు మాత్రం ఏకశిల ఆనలేదు.

పోనీ ఈ మైక్రోసర్వీసుల శాస్త్రం రాసినవాళ్ళే తప్పుదారి పట్టించారా అంటే అదీ లేదు. మార్టిన్ ఫౌలర్, జేమ్స్ లూయిస్ 2014 మార్చిలో ఆ పేరుకి ప్రాచుర్యం తెచ్చిన వ్యాసం రాశారు. ఏడాది తిరిగేసరికి, 2015 జూన్‌లో, అదే ఫౌలర్ ముందు మోనోలిత్‌తోనే మొదలుపెట్టమన్నాడు. బాగుపడ్డ కథలన్నీ దాదాపు పెద్దదైన మోనోలిత్‌ని విడగొట్టినవే, మొదట్నుంచీ ముక్కలుగా కట్టినవాళ్ళు చిక్కుల్లో పడ్డారు అన్నది ఆయన మాట సారం. మొదటి వ్యాసం మా ఆర్కిటెక్ట్ గారి స్లైడుల్లో ఉంది. రెండోది చదివే తీరిక ఆయనకి దొరకలేదు.

ఈ పిచ్చి కొత్తదీ కాదు. 1990లలో కోర్బా వచ్చింది, వస్తువులన్నీ నెట్‌వర్కు మీద చల్లమంది. 2000లలో ఎస్ఓఏ వచ్చింది, మధ్యలో ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్ అని ఒక బస్సు పెట్టింది. అందరి మాటలూ అందులోనే ఎక్కాలి, అది పండగ ముందురోజు పల్లెవెలుగులా కిటకిటలాడుతూ ప్రతి స్టాపులో ఆగేది. ఆ తర్వాత మైక్రో. ఆ తర్వాత సర్వర్‌లెస్, సర్వరు లేకుండా నడుస్తుందని పేరు, బిల్లు మాత్రం ఉంటుంది. ఏకశిల పాతబడిపోయిందన్న తిట్టు అంతకంటే పాతది. 1992 జనవరిలో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసరు లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్‌ని కాలం చెల్లిందన్నాడు, మోనోలిత్ కట్టడమంటే 1970లకి వెనక్కి నడవడమేనన్నాడు. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, ఆ కాలం చెల్లిన సరుకు మీదే అది నడుస్తోంది.

అన్నిటికంటే తక్కువ గ్లామరు ఉన్నది మాడ్యులర్ మోనోలిత్. ఇల్లు ఒకటే, గదులకి తలుపులుంటాయి. బిల్లింగు గదిలోకి వెళ్ళాలంటే తలుపు కొట్టాలి, గోడకి కన్నం వేసి చెయ్యి దూర్చకూడదు. రేపు మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక గదిలో దాచిపెట్టు, తక్కిన గదులకి తెలియనివ్వకు అని డేవిడ్ పార్నాస్ 1972లోనే గదులు ఎలా కట్టాలో చెప్పాడు. మా జావా ప్రోగ్రాముకి కావలసింది అదే. రెండు నెలల పని, ఒక్క కొత్త సర్వరు కూడా అక్కర్లేదు. అదే దాని లోపం. సర్వరు కొనని పనికి మీటింగు పెట్టరు. "గదులకి తలుపులు బిగించాను" అని రెజ్యూమేలో రాస్తే ఎవరు పిలుస్తారు?

ఈ కథకి అసలు ఇరుసు అక్కడుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక రౌండు కొట్టి కోచింగు సెంటర్ల బోర్డులు చదవండి. ఏ ఏడు ఏ పేరు బోర్డెక్కితే ఆ ఏడు అదే శాస్త్రం. ఇంటర్వ్యూలో "మోనోలిత్ మీద చేశాను" అని చెప్పేవాడి గొంతు, వంశంలో ఉన్న జబ్బు గురించి సంబంధంవాళ్ళకి చెప్పేవాడి గొంతులా ఉంటుంది. "ఎన్ని సర్వీసులు?" అని అడుగుతారు. "నలభై." "వెరీ గుడ్." వాటి మీద ఎన్ని ఆర్డర్లు నడిచేవి, ఎందరు నడిపేవారు, రాత్రి ఎన్నిసార్లు లేచేవారు అని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. పెళ్ళిచూపుల్లో ఎన్ని ఎకరాలని అడిగి, పండేదెంతని అడగనట్టు. ఆ నలభై ఎకరాలూ చవిటి నేలైనా ప్యాకేజీ పెరుగుతుంది. డల్లాస్‌లో ఉన్న బావమరిది కూడా ముందు రెజ్యూమేలో ఆ ముక్క ఉందా అనే అడుగుతాడు.

మా ఆర్కిటెక్ట్ గారు పద్నాలుగు నెలల్లో వెళ్ళిపోయారు, పెద్ద హోదాకి. ఆయన ప్రొఫైల్లో మా కథ ఒక్క వాక్యం: పాత మోనోలిత్‌ని ఆధునికీకరించారు. ఏలూరాయన పన్నెండు వందలు అందులో లేవు. నేనూ ఆర్నెల్లు ఆగి బయటపడ్డాను. రెజ్యూమేలో "నలభై మైక్రోసర్వీసుల రూపకల్పనలో కీలకపాత్ర" అని రాసుకున్నాను. జీతం నూటికి నలభై పెరిగింది. సర్వీసుకో శాతం. ఆనాటి మీటింగులో లేపాక్షి బసవన్న మాట నోటిదాకా వచ్చి ఎందుకాగిందో ఇప్పుడు అర్థమైంది కదా.

పోయిన నెల వరంగల్ తమ్ముడు ఫోన్ చేశాడు. ఈసారి పగలే. అక్కడ కొత్త ఆర్కిటెక్ట్ వచ్చాడట, అన్నిటినీ మళ్ళీ కలుపుతున్నారట. స్లైడులు అవేనట, బాణాల దిక్కు మాత్రం తిరిగిందట. ఏకశిల పక్కన ఇప్పుడు నవ్వుముఖం. జయవిజయుల్ని కలిపేశారు, నారదుణ్ని కుబేరుడి ఇంట్లో పెట్టారు, చిత్రగుప్తుడు రిటైరయ్యాడు.

"ఒక్కటే లొల్లి ఉందన్నా. త్రిశంకు అని ఒక సర్వీసు ఉంది. ఏం చేస్తదో ఎవనికీ ఎరుక లేదు. ఎవలు పిలుస్తున్నరో కనబడ్తలేదు. ఆపినం. గంటకి గుంటూరు డిపో బిల్లుల మీద జీఎస్టీ నంబరు మాయమైంది. మళ్ల లేపినం. గిప్పుడు అన్ని కలిసినా గదొక్కటి మూలకు కూసొని నడుస్తనే ఉంది. రాసినోని పేరు గూడ లేదు దాంట్ల. అన్నా, నువ్వేనా రాసింది?"

నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. ముప్పైతొమ్మిది దగ్గర లెక్క ఆగింది, స్లైడులో నలభై అని ఉంది, పొద్దున్నే డైరెక్టరుగారికి చూపించాలి.

"కాదు తమ్ముడూ" అన్నాను.